‘ఏపీ స్ట్రెయిన్’ కేసు: విశాఖకు అంటిన పేరును జన్యుక్రమాలతో, గణాంకాలతో విప్పి చూస్తే

2021 మే మొదటి వారంలో ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట పుట్టి దేశమంతా పాకింది. కర్నూలులో మొదట బయటపడిన ఎన్440కె అనే రకం మామూలు కరోనా కన్నా 15 రెట్లు ప్రమాదకరమనీ, విశాఖపట్నంలో ఆస్పత్రులు నిండిపోవడానికి అదే కారణమనీ వార్తలు వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లు క్వారంటైన్‌లో ఉండాలని ఢిల్లీ, ఒడిశా ఉత్తర్వులిచ్చాయి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అదే వారంలో దీనికి నేరుగా ఎదురు మాట చెప్పారు. ఎన్440కె తగ్గిపోతోందని, దాని చోటును బి.1.617 (డెల్టా ఇందులోని ఒక ఉపశాఖే) ఆక్రమిస్తోందని వాళ్ల మాట.

రెండు పక్కలా చేతిలో ఉన్నది జన్యుక్రమాల, అంటే వైరస్ జన్యువును అక్షరం అక్షరంగా చదివిన వరసల, డేటానే. అయినా ఒకరు పెరుగుతోందన్నారు, మరొకరు చచ్చిపోతోందన్నారు. ఆ డేటాను ఏ వరసలో చదివితే రెండో మాట దగ్గరికి చేరతామో, ఏ మెట్టు దాటేస్తే మొదటి మాటలో పడతామో ఈ కేసులో చూడొచ్చు. ఇదే పని రేపు డెంగీతోనో ఇన్‌ఫ్లుయెంజాతోనో చేయాల్సి వచ్చినా మెట్లు ఇవే.

అసలు తికమక ఒక్కటే. ‘ఈ మార్పు ఇక్కడ ఎక్కువగా కనబడుతోంది’ అన్నది ఒక పరిశీలన. ‘ఈ మార్పు వల్ల వైరస్ ఎక్కువగా వ్యాపిస్తోంది’ అన్నది వేరే దావా. మొదటిది లెక్కపెడితే తేలుతుంది. రెండోది తేలాలంటే కాలంతో పాటు వాటా ఎటు కదులుతోందో చూడాలి, ఎదురుగా ఏ రకం ఉందో చూడాలి, నమూనాలు ఎవరి నుంచి తీశారో చూడాలి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగాయని కాకిని పట్టుకోకుండా ఉండడానికే ఈ తతంగమంతా.

అక్షరం దగ్గర

సార్స్-కోవ్-2 జన్యువు 29,903 అక్షరాలు. స్పైక్ జన్యువు 21,563వ అక్షరం దగ్గర మొదలవుతుంది. 440వ అమైనో ఆమ్లానికి ముందు 439 ఉంటాయి, ఒక్కోదానికి మూడక్షరాలు కాబట్టి 1,317 కలపాలి. అంటే మనకు కావలసిన మూడక్షరాలు 22,880 నుంచి 22,882 వరకు. పోలికకు ప్రామాణికంగా పెట్టుకున్న తొలి వుహాన్ క్రమంలో, అంటే రిఫరెన్స్‌లో, అక్కడ ‘ఏఏటి’ ఉంటుంది, అది ఆస్పరాజీన్. చివరి ‘టి’ కాస్తా ‘జి’ అయితే ‘ఏఏజి’ అవుతుంది, అది లైసీన్. ఆస్పరాజీన్‌కు ఎన్, లైసీన్‌కు కె సంకేతాలు గనక ఎన్440కె. ఇంత పేరున్న మార్పు మొత్తం జన్యువులో ఒకే ఒక్క అక్షరం.

దాన్ని అనుమానించడానికి కారణం లేకపోలేదు. స్పైక్‌లో 319 నుంచి 541 వరకు ఉన్న భాగం మన కణాల గ్రాహకాన్ని పట్టుకునే చోటు, 440 అందులోనే ఉంది. సీ135 అనే మోనోక్లోనల్ యాంటీబాడీ (ల్యాబులో తయారుచేసిన ఒకే రకం యాంటీబాడీ) సమక్షంలో వైరస్‌ను పెంచితే తప్పించుకునే మార్పుల్లో ఇదొకటని 2020లోనే ప్రయోగశాలలో తేలింది. 2021 ఏప్రిల్ ఆఖరున వచ్చిన ఒక ప్రీప్రింట్ (తోటి శాస్త్రవేత్తల సమీక్ష ఇంకా కాని పత్రం) కాకో-2 కణాల్లో ఈ రకం, ఏ2ఏ అనే మరో రకం కన్నా 10 రెట్లు, ఏ3ఐ అనే ఇంకో రకం కన్నా 1,000 రెట్లకు మించి వైరస్‌ను ఉత్పత్తి చేస్తోందని చెప్పింది.

ఆ రెట్లు దేన్ని కొలిచాయో చూడాలి. కాకో-2 అంటే పెద్దపేగు క్యాన్సర్ నుంచి తీసి పెంచుతున్న కణాలు. పళ్లెంలో ఎన్ని వైరస్ రేణువులు తయారయ్యాయన్నదే అక్కడి కొలత. ఒక మనిషి ఎంతమందికి అంటిస్తాడన్నది వేరే కొలత, ఎంతమంది చనిపోతారన్నది మరో కొలత. పైగా ఆ పోటీలో దిగిన ఏ3ఐ అప్పటికే దేశంలో వెనకబడిపోయిన రకం. 2021 ఏప్రిల్‌లో నిజంగా ఎదురు నిలిచిన బి.1.617 ఆ పోలికలో లేనే లేదు. ఓడిపోయి ఇంటికెళ్లినవాడి మీద గెలిచినంత మాత్రాన బరిలో ఉన్నవాడి మీద గెలిచినట్టు కాదు.

వంశవృక్షం ఏం చెప్పింది

ఎన్440కె అప్పట్లో ఆంధ్రలో ప్రధానంగా బి.1.36 శాఖలో, దాని ఉపశాఖ బి.1.36.29లో కనిపించింది. దాన్ని, బి.1.617ను పక్కపక్కన పెట్టి అక్షరాలు చూస్తే రెండింటికీ ఉమ్మడిగా బి.1 మూలానికి చెందిన నాలుగు మార్పులున్నాయి: 241వ చోట సి నుంచి టి, 3,037 దగ్గర సి నుంచి టి, 14,408 దగ్గర సి నుంచి టి, 23,403 దగ్గర ఏ నుంచి జి. చివరిదే అందరూ విన్న డి614జి. అక్కడితో దారులు చీలిపోయాయి. బి.1.36 వైపు 25,563 దగ్గర జి నుంచి టి మార్పుంది, బి.1.617 వైపు అది లేదు. బి.1.617 వైపు ఎల్452ఆర్, పి681ఆర్ ఉన్నాయి, ఆంధ్ర శాఖలో అవి లేవు.

రెండింటి ఉమ్మడి పూర్వీకుడు 2020 మొదట్లోనే ఉన్నాడన్నమాట. ‘ఏపీ స్ట్రెయిన్ మార్పు చెంది రెండో ఉప్పెన తెచ్చింది’ అన్న కథనానికి ఇక్కడే చుక్కపడాలి. వీళ్లు తల్లీబిడ్డలు కారు, దూరపు దాయాదులు.

ఈ చెట్టు కట్టడం పెద్ద పనేమీ కాదు. గిసాయిడ్ అనే అంతర్జాతీయ జన్యుక్రమాల డేటాబేస్‌లో నమోదు చేసుకుంటే క్రమాలు దొరుకుతాయి. వాటిని రిఫరెన్స్‌తో సరిపోల్చి, రెండు చివర్లా నమ్మలేని అక్షరాలను కప్పేసి, మామూలుగా మొదటి 55, చివరి 100, ఐక్యూ-ట్రీ అనే సాఫ్ట్‌వేర్‌తో చెట్టు, ట్రీటైమ్ అనే మరోదానితో తేదీలు కట్టొచ్చు. ఒక మోస్తరు ల్యాప్‌టాప్ మీద కొన్ని వందల క్రమాలకు గంటల్లో అయిపోతుంది. చెడేది మరో చోట. విశాఖ క్రమాలు మాత్రమే పెట్టి చెట్టు కడితే అవన్నీ ఒకే కొమ్మ మీద వాలిన పిట్టల్లా కనబడతాయి, ‘ఇక్కడే పుట్టింది’ అనిపిస్తుంది. కర్నూలు, శ్రీకాకుళం, తెలంగాణ, ఒడిశా, మహారాష్ట్రల నుంచి అదే నెలల క్రమాలను చేర్చి మళ్లీ కట్టండి. ఆ గుంపు పది చోట్ల చెల్లాచెదురవుతుంది. ప్రతి ముక్కా బయటి నుంచి వచ్చిన ఒక విడి ప్రవేశం. ఇలా లెక్కపెట్టిన ప్రవేశాల సంఖ్య ఎప్పుడూ కనీసమే. పొరుగు జిల్లాలో క్రమాలు తీయకపోతే రెండు ప్రవేశాలు ఒక్కటిగా అతుక్కుపోతాయి.

నమూనా ఎవరిది, ఎప్పటిది

కేసు మొత్తంలో ఎక్కువ తప్పులు జరిగే చోటు ఇదే. కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు తక్కువగా కనబడే చోటూ ఇదే.

మొదట, ‘విశాఖపట్నం’ అంటే ఏమిటి? కింగ్ జార్జ్ ఆస్పత్రికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగులు వస్తారు. నమూనా మీద ఆస్పత్రి ఊరు రాస్తే పలాస మనిషి విశాఖ కేసైపోతాడు. ఆస్పత్రి చిరునామా ఒక గడిలో, రోగి నివాస మండలం మరో గడిలో ఉండాలి. రెండో గడి ఖాళీగా ఉన్న వరసలను వ్యాప్తి లెక్కలోంచి తీసేయాలి. రెండో చిక్కు, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకు ముందరి ‘విశాఖపట్నం జిల్లా’లో అనకాపల్లి, పాడేరు, అరకు అన్నీ ఉన్నాయి. ఆ తరవాతి జిల్లా దాదాపుగా నగరం, దాని చుట్టుపక్కల. పాత, కొత్త డేటాను ఒకే పేరు కింద కలిపితే జనాభా హారం మారిపోయి, ఏమీ జరగని చోట గ్రాఫులో మెట్టు కనబడుతుంది. మండలం పేరు ఉంటేనే పాత వరసలను కొత్త హద్దుల్లోకి మార్చగలం. ఇవి చాలవన్నట్టు ఊరి పేరును ఇంగ్లీషులో రాసే తీరులు కూడా అన్నే: వైజాగ్, విశాఖ, విశాఖపట్నం, విశాఖపట్టణం, మళ్లీ ‘ఎస్’ తరవాత ‘హెచ్’ పెట్టినవి, పెట్టనివి. వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగే ఇస్తే మిగతావన్నీ జారిపోతాయి.

ఇక ఎంపిక. 2020 డిసెంబర్‌లో కరోనా క్రమాలు తీసే జాతీయ ల్యాబుల కూటమి ఇన్సాకాగ్ మొదలైనప్పుడు పాజిటివ్ నమూనాల్లో 5 శాతానికి క్రమాలు తీయాలన్నది లక్ష్యం. ఆ తొలి నెలల్లో బ్రిటన్ నుంచి వచ్చిన ప్రయాణికుల మీద దృష్టి ఎక్కువ. ప్రయాణికుల క్రమాలను ఊరి క్రమాలతో కలిపి వాటా తీస్తే బ్రిటన్‌లో మొదట బయటపడిన బి.1.1.7 (ఆల్ఫా) ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. ఆస్పత్రిలో విషమించినవాళ్లవి, టీకా తరవాత సోకినవాళ్లవి, ఒకే హాస్టల్లో గుంపుగా సోకినవాళ్లవి కూడా అంతే. వీటిని పారేయనక్కర్లేదు, ‘ఎందుకు తీశారు’ అనే గడిలో నమోదు చేసి వాటా లెక్క నుంచి మాత్రం పక్కన పెట్టాలి.

గుంపు నమూనాల దెబ్బ ఎంతో అంకెల్లో చూస్తే తప్ప నమ్మకం కలగదు. ఒక్కో గుంపుకు 10 మంది చొప్పున ఐదు చోట్ల నుంచి 50 నమూనాలు తెచ్చామనుకోండి. ఒకే గుంపులోని ఇద్దరి మధ్య సామ్యం 0.5 అనుకుంటే, గుంపు వల్ల సమాచారం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + (10 − 1) × 0.5, అంటే 5.5. మన 50 నమూనాలు నిజానికి 9 నమూనాలంత సమాచారమే ఇస్తాయి. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్‌లో ఒకే బ్లాకు నుంచి పది, ఆరిలోవలో ఒకే ఇంటి నుంచి నాలుగు వస్తే ఇంటికి ఒకటి, గుంపుకు ఒకటి ఉంచి మిగతావి వేరే ఫైల్లో పెట్టడమే మేలు.

సీటీ విలువ సంగతి ఇంకొంచెం మాయ. వైరస్ కనబడడానికి పరీక్ష ఎన్ని సైకిళ్లు నడవాల్సి వచ్చిందో ఆ అంకే సీటీ, వైరస్ ఎక్కువైతే అది తక్కువ. ఆర్‌టీపీసీఆర్‌లో సీటీ 25 లోపు ఉన్నవాటికి పూర్తి క్రమం నిశ్చింతగా వస్తుంది. 30 దాటితే ఖాళీలే ఎక్కువ. అందుకని ల్యాబులు తక్కువ సీటీవే ఏరి పంపుతాయి, అందులో తప్పేం లేదు. కానీ డెల్టా సోకినవాళ్ల గొంతులో వైరస్ ఎక్కువ, సీటీ తక్కువ. 25 దగ్గర జల్లెడ పడితే డెల్టా ఎక్కువగా మిగిలి, పాత రకాలు ఎక్కువగా జారిపోతాయి. ఎన్440కె తగ్గిపోతోందన్న నిర్ధారణను ఎవరైనా గట్టిగా ప్రశ్నించాలంటే పట్టుకోవలసిన దారం ఇదే. దానికి జవాబుగా సీటీ 20 లోపు, 20–25, 25–30 అని మూడు పట్టీలుగా విడగొట్టి ఒక్కోదానిలో వాటా తీయాలి. మూడింట్లోనూ వాలు ఒకే దిక్కుకు ఉంటే జల్లెడ మహిమ కాదు. ఒక్క పట్టీలోనే ఉంటే మళ్లీ ఆలోచించాలి.

తేదీలు మూడుంటాయి: గొంతులోంచి తీసిన రోజు, క్రమం తయారైన రోజు, డేటాబేస్‌లోకి ఎక్కిన రోజు. అప్పట్లో ఆంధ్ర నమూనాలు పెట్టెల్లో హైదరాబాద్ వెళ్లి, క్రమమై, ఫలితంగా తిరిగొచ్చేసరికి వారాలు గడిచేవి. ఏప్రిల్ ఆఖరున ‘తాజా డేటా’ అని తెరిస్తే కళ్లముందుండేది ఎక్కువగా అంతకుముందు నెలల ఊరు. ఉప్పెన సమయంలో మూడు వారాలంటే ఒక యుగం. తీసిన రోజు తప్ప మరే తేదీ మీదా గ్రాఫు గీయకూడదు. చివరి రెండు, మూడు వారాల బిందువులను, ఇంకా నిండని వారాలు గనక, బూడిద రంగులో వేసి వాలు లెక్కలో కలపకుండా వదిలేయాలి.

ల్యాబులో ఏం చెడుతుంది

స్వాబ్ నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను 400 అక్షరాల చొప్పున ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా ముక్కలుగా పెంచి చదువుతారు. దీనికి వాడే ఆర్టిక్ ప్రైమర్ల సెట్టు (ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే చిన్న డీఎన్‌ఏ తునకలే ప్రైమర్లు) మూడో కూర్పులో 98 ముక్కలు, నాలుగో కూర్పులో 99. ప్రతి ప్లేటులో ఒక గుంతలో నమూనా లేకుండా నీళ్లు మాత్రమే వేసి చివరిదాకా నడపాలి. ఆ గుంతలో వైరస్ ముక్కలు చదవబడితే ప్లేటు మొత్తం అనుమానమే. సీటీ 15 నమూనా పక్కన సీటీ 30 నమూనా పెడితే, ఒక్క చిన్న తుంపర చాలు, బలహీనమైనదాని క్రమం బలమైనదానిలా మారిపోవడానికి. రెండింటి మధ్య 15 సైకిళ్ల తేడా, అంటే వైరస్ పరిమాణంలో సుమారు 32 వేల రెట్లు. కలుషితమైన క్రమం ఎలా ఉంటుందంటే, వంశాన్ని నిర్ణయించే చోట్లలోనే రెండక్షరాలు కలిసి కనబడతాయి: 22,882 దగ్గర 60 శాతం రీడ్స్ (యంత్రం చదివిన ముక్కలు) ‘టి’, 40 శాతం ‘జి’. అలాంటివి నాలుగైదు చోట్ల ఉంటే రెండు రకాలు కలిసిపోయిన కొత్త వైరస్ అని సంబరపడకుండా ముందు ప్లేటు పటం తీసి పక్క గుంతలు చూడాలి.

చల్లదనం మాట కూడా అంతే ముఖ్యం. మే నెల ఎండలో, పాడేరు ఘాట్ దిగి వచ్చే బండిలో ఐస్ ప్యాకులు నీరుకారితే ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోతుంది. పీసీఆర్ వెతికేది చిన్న ముక్క కాబట్టి సీటీ ఫర్వాలేదనిపిస్తుంది, 400 అక్షరాల ముక్క మాత్రం పెరగదు. మంచి సీటీ, చెడ్డ క్రమం కలిసి వస్తే యంత్రాన్ని కాదు, రవాణాను తిట్టాలి. స్వాబ్‌ను 2–8 డిగ్రీల్లో 72 గంటల్లోపు చేర్చాలి, ఆలస్యమయ్యేట్టుంటే మైనస్ 70 లేదా అంతకన్నా చల్లగా.

చదవని చోటును ఎలా రాయాలన్నది చిన్న విషయంలా కనబడి పెద్ద దెబ్బ కొడుతుంది. ఒక అక్షరం మీద 10 రీడ్స్ కూడా పడకపోతే అక్కడ ‘ఎన్’ అని రాయాలి, అంటే తెలియదని. ఈ ‘ఎన్’కు, ఎన్440కె లోని ‘ఎన్’కు సంబంధం లేదు, కొత్తవాళ్లు ఒకసారి తికమకపడతారు. కొన్ని పాత స్క్రిప్టులు తెలియని చోట రిఫరెన్స్ అక్షరాన్నే నింపేస్తాయి. అప్పుడు 22,882 చదవని ప్రతి నమూనా ‘టి’ అయిపోతుంది, ఎన్440కె లేనట్టు తేలుతుంది. వాటా తీసేటప్పుడు హారంలో ఉండాల్సింది మొత్తం క్రమాలు కావు, ఆ చోటు చదవగలిగిన క్రమాలు మాత్రమే.

సంఖ్య పెరిగింది, వాటా పడిపోయింది

ఇక గుండెకాయ లాంటి లెక్క. కింది అంకెలు తీరు చూపడానికి కల్పించుకున్నవి, విశాఖలో కొలిచినవి కావు. వారానికి 50 క్రమాలు, పైన చెప్పిన జాగ్రత్తలతో తీసినవి అనుకుందాం.

మొదటి వారం: ఊళ్లో కేసులు 1,000. 50 క్రమాల్లో 30 ఎన్440కె శాఖవి. వాటా 60 శాతం, అంటే సుమారు 600 మంది.
రెండో వారం: కేసులు 2,000. 50లో 20. వాటా 40 శాతం, 800 మంది.
మూడో వారం: కేసులు 4,000. 50లో 11. వాటా 22 శాతం, 880 మంది.
నాలుగో వారం: కేసులు 8,000. 50లో 5. వాటా 10 శాతం, 800 మంది.

వార్డులో నిలబడి చూసే డాక్టరుకు మూడో వారం దాకా ఎన్440కె రోగులు పెరుగుతూనే ఉన్నారు. 600, 800, 880. ఊళ్లో ఉప్పెన కూడా అప్పుడే. ఈ రెండూ కలిపితే ‘దీనివల్లే’ అనిపించడం సహజం. కానీ అదే వారాల్లో ఎదుటి శాఖ 400 నుంచి 1,200కు, 3,120కి, 7,200కు ఎగబాకింది. ఓడిపోతున్న శాఖ కూడా కొన్నాళ్లు సంఖ్యలో పెరగొచ్చు. అందుకే సంఖ్యను కాదు, వాటాను చూడాలి. వాటాలో కూడా శాతాన్ని కాక లాగ్-ఆడ్స్‌ను (ఈ శాఖ క్రమాలను మిగతా క్రమాలతో భాగించి తీసిన లాగరిథమ్) చూడాలి, ఎందుకంటే రెండు శాఖల వృద్ధి రేట్ల తేడా స్థిరంగా ఉంటే శాతం గీత వంకర తిరుగుతుంది గాని లాగ్-ఆడ్స్ గీత తిన్నగా ఉంటుంది.

30 భాగించు 20కి సహజ లాగరిథమ్ 0.41. 20 భాగించు 30కి −0.41. 11 భాగించు 39కి −1.27. 5 భాగించు 45కి −2.20. ఈ నాలుగు బిందువుల గుండా లాజిస్టిక్ రిగ్రెషన్ గీత గీస్తే వాలు వారానికి సుమారు −0.86, 95 శాతం విశ్వాస అంతరం −1.18 నుంచి −0.54. ఒకరి నుంచి మరొకరికి అంటడానికి సగటున 5 రోజులు పడుతుందనుకుని, ఆ వ్యవధి రెండు శాఖలకూ ఒకటేనని ఊహిస్తే, వాలును 5/7తో గుణించి ఘాతాంకంలో పెట్టాలి. 0.54 వస్తుంది, అంతరం 0.43 నుంచి 0.68. అంటే ఎదుటి శాఖ సోకిన మనిషి 100 మందికి అంటించే చోట ఈ శాఖ సోకిన మనిషి 54 మందికి అంటిస్తున్నాడు. ‘15 రెట్లు’ అన్నదాని ఎదురు దిక్కు ఇది.

ఇందులో మెలిక వ్యవధి ఊహలో ఉంది. ఎదుటి శాఖ త్వరగా అంటే రకమైతే, అంటే దాని వ్యవధి 5 రోజుల కన్నా తక్కువైతే, దాని ఆధిక్యంలో కొంత భాగం వేగం వల్లే గాని ఎక్కువమందికి అంటించడం వల్ల కాదు. వాటా డేటా ఒక్కటే చేతిలో ఉంటే ఈ రెండింటినీ విడదీయలేం. వాలును వాలుగానే ప్రకటించి, ఆర్ (ఒకరు సగటున ఎంతమందికి అంటిస్తారో చెప్పే అంకె) నిష్పత్తిని ఊహతో సహా రాయడం నిజాయితీ.

తక్కువ నమూనాలున్నప్పుడు ‘కనబడలేదు’ అన్న మాటను కూడా కొలవాలి. 50లో సున్నా వస్తే 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగేది వాటా 6 శాతానికి లోపే అని మాత్రమే, మూడును నమూనాల సంఖ్యతో భాగిస్తే చాలు. ఒక శాతం ఉన్న రకాన్ని కనీసం ఒక్కసారైనా పట్టే అవకాశం 95 శాతం ఉండాలంటే 299 క్రమాలు కావాలి. ‘పూర్తిగా పోయింది’ అని రాసే ముందు ఈ రెండంకెలు గుర్తుంటే మాట అదుపులో ఉంటుంది.

తొలి పడవ లాభం

మరి ఎన్440కె ఆంధ్రలో అంతకుముందు అంత ఎక్కువగా ఎందుకు కనబడింది? స్వశక్తితో కూడా కావచ్చు, ముందుగా వచ్చి చోటు పట్టుకోవడం వల్ల కూడా కావచ్చు. ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామున మొదట వచ్చిన పడవ నిండా వంజరం ఉంటే ఆ పూట మార్కెట్ అంతా వంజరమే. అంతమాత్రాన సముద్రంలో వంజరమే ఎక్కువని కాదు. దీన్నే ఫౌండర్ ఎఫెక్ట్ అంటారు.

రెండింటినీ వేరు చేసే పరీక్ష ఒకటుంది. శక్తి ఆ మార్పుదే అయితే, అదే పోటీదారుతో తలపడిన ప్రతి చోటా వాలు ఒకే దిక్కుకు ఉండాలి. కర్నూలులో, విశాఖలో, తెలంగాణలో, కేరళలో. ఒక చోట పైకి, మరో చోట కిందికి ఉంటే అదృష్టం వాటా పెద్దది. అందుకని గణాంక మోడల్‌ను జిల్లాలవారీ వాలులతో, వాటి మధ్య వైవిధ్యంతో సహా నడపాలి, రాష్ట్రమంతా ఒక్క కుప్పగా పోయకూడదు. కుప్ప పోస్తే ఇంకో మోసం జరుగుతుంది. ఒక వారం కర్నూలు నుంచి ఎక్కువ, మరుసటి వారం విశాఖ నుంచి ఎక్కువ నమూనాలు వస్తే ఏ ఊళ్లోనూ ఏమీ మారకపోయినా రాష్ట్రం గ్రాఫు కదులుతుంది.

ఎవరి నుంచి ఎవరికి

క్రమాలు చేతికి రాగానే ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది: గాజువాకలో ఈయనకు ఎవరు అంటించారు? దీనికి జన్యువు ఇచ్చే జవాబు చాలామంది ఊహించినంత పదునైనది కాదు. ఈ వైరస్‌లో నెలకు సుమారు రెండక్షరాలు మారతాయి. ఒక అంటింపుకు 5 రోజులైతే సగటు మార్పు మూడో వంతు అక్షరం. పాయిసాన్ లెక్కన పదింట ఏడు అంటింపుల్లో ఒక్క అక్షరం కూడా మారదు. ఇద్దరి క్రమాలు అచ్చు ఒకటే అంటే నేరుగా అంటుకుని ఉండొచ్చు, మధ్యలో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు, ఇద్దరికీ మూడో మనిషి అంటించి ఉండొచ్చు. ఎవరు ముందన్నది అసలే తెలియదు.

కొట్టిపారేయడంలో మాత్రం జన్యువు గట్టి సాక్షి. రెండు వారాల తేడాతో తీసిన రెండు నమూనాల మధ్య 6 అక్షరాల తేడా ఉందనుకోండి. నేరుగా అంటి ఉంటే రావాల్సిన సగటు సుమారు 1. సగటు 1 ఉన్నప్పుడు 6 లేదా అంతకన్నా ఎక్కువ రావడం పదివేల సార్లలో 6 సార్లే. ‘ఈ వార్డులోనే అంటింది’ అన్న ఆరోపణ చాలాసార్లు ఈ ఒక్క లెక్కతో వీగిపోతుంది, లేదా రెండు వేర్వేరు ప్రవేశాలని తేలుతుంది. మనుషుల పేర్లు పెట్టి బాణాలు గీసిన పటాన్ని మాత్రం ఆరోగ్యశాఖ ఫైలు దాటనివ్వకూడదు. ఊళ్లో ఒక ఇంటి మీద పడిన పేరు రాష్ట్రం మీద పడిన పేరు కన్నా ఆలస్యంగా పోతుంది.

అదే మార్పు, వేరే వంశం

2021 మే తరవాత బి.1.617.2 దేశమంతా పరచుకుంది. మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి డెల్టా అని పేరు పెట్టింది. ఊళ్ల పేర్లతో రకాలను పిలవకూడదన్నది ఆ గ్రీకు అక్షరాల పద్ధతికి ఒక కారణం. బి.1.36.29 తెరమరుగైంది.

కానీ కేసు ఫైలును ‘ఎన్440కె’ అన్న మాటతోనే వెతికేలా వదిలేసినవాళ్లకు 2022 జనవరిలో ఒక షాక్ తగిలి ఉండాలి. ఒమిక్రాన్ బీఏ.1లో, బీఏ.2లో కూడా 22,882 దగ్గర ‘జి’ ఉంది. అది ఆంధ్ర శాఖ నుంచి వచ్చింది కాదు, వేరే వంశంలో విడిగా పుట్టిన అదే మార్పు. మార్పు పేరుతో గీసిన గ్రాఫులో మాత్రం ‘ఏపీ స్ట్రెయిన్’ లేచి వచ్చినట్టే ఉంటుంది.

అంతకన్నా వింత, బీఏ.1 క్రమాల్లో చాలావాటిలో ఎన్440కె లేనట్టు కనబడడం. ఒమిక్రాన్‌లో వచ్చిన మార్పులు ఆర్టిక్ నాలుగో కూర్పు ప్రైమర్లు అతుక్కునే చోట్ల పడడంతో 76వ ముక్క సరిగా పెరగలేదు. 417, 440, 446 స్థానాలు మూడూ ఆ ముక్కలోవే. తెలియని చోట ‘ఎన్’ రాసిన ల్యాబుల్లో ఆ మూడూ ఖాళీగా మిగిలాయి. రిఫరెన్స్ నింపిన ల్యాబుల్లో ఆ మూడూ వుహాన్ కాలానికి వెనక్కి వెళ్లాయి. ఈ పొరపాటును పట్టడం తేలిక: మూడు మార్పులు ఒకేసారి, ఒకే నమూనాల్లో మాయమైతే అది పరిణామం కాదు, ప్రైమర్. సరిచేసిన 4.1 కూర్పు వాడితే మూడూ తిరిగి వస్తాయి.

ఈ కేసును ఇప్పుడు తిరిగి నడిపేవాళ్లు గడుల వరస ఇలా పెట్టుకుంటే సరిపోతుంది: వంశాన్ని గుర్తించే పాంగోలిన్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వంశం ఒక గడి, క్రమం నాణ్యతను చూసే నెక్స్ట్‌క్లేడ్ మార్కు ఒక గడి, 22,882వ అక్షరం ఒక గడి, ఆ చోట రీడ్స్ లోతు ఒక గడి, నివాస మండలం, తీసిన తేదీ, ఎందుకు తీశారో, సీటీ. జల్లెడ మొదటి గడి మీద పట్టాలి. మూడో గడి మీద కాదు.